కొత్త సర్కారు ఆసుపత్రికి జాగా చూడటం ఎలా: కర్నూలు, అనంతపురం, కడప వైపు వారికి

మండలానికి ఆసుపత్రి రావచ్చన్న మాట పుట్టగానే అందరి నోటా ఒకటే ప్రశ్న: గవర్నమెంటు జాగా ఎక్కడ ఖాళీగా ఉంది? తహసీల్దారు ఆఫీసులో వెతికితే ఒక సర్వే నంబరు బయటపడుతుంది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, గుట్ట పక్కన, ఎవరికీ అక్కరకు రాక మిగిలిపోయిన నేల. భూమిపూజ అక్కడే జరుగుతుంది. కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషిని అర్ధరాత్రి ఆటోలో ఆ చీకటి దారిన తీసుకుపోవాల్సిన ఇంటివాళ్లను ఆ రోజు ఎవరూ అడగరు. ఎవరికీ పనికిరాని నేల రోగికి మాత్రం ఎట్లా పనికొస్తుంది? రోగులు ఎక్కడినుంచి, ఏ దారిన, ఎంతసేపట్లో వస్తారో ముందు లెక్క కట్టాలి. ఆ లెక్క చూపిన చోటే జాగా వెతకాలి. ఈ వరస తిరగబడితే తర్వాత ఎన్ని కోట్లు పెట్టినా ఆ భవనం ఊరికి దూరంగానే ఉండిపోతుంది.

సర్పంచులు, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సభ్యులు, మెడికల్ ఆఫీసర్లు, ప్రతిపాదన రాసే మండల అధికారులు జాగా ఖాయం చేసే ముందు చూసుకోవాల్సిన సంగతులు కింద ఉన్నాయి.

జనం లెక్క, దారి లెక్క

భారత ప్రజారోగ్య ప్రమాణాలు (ఐపీహెచ్‌ఎస్) 2022 ప్రకారం మైదానంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000కు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000కు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాలకు ఇవే 3,000, 20,000, 80,000. నల్లమల అంచున చెంచుగూడేలకు ప్రతిపాదన రాసేవారు ఈ రెండో లెక్కను వాడుకోవాలి. మైదానం లెక్క వేస్తే జనాభా చాలలేదని ఫైలు వెనక్కి వస్తుంది.

జనాభా గడిలో 2011 జనగణన అంకె ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఆశా కార్యకర్తల ఇంటింటి సర్వే, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితా పక్కన పెట్టుకుని ఊరూరికీ సరిచూడాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఇంకో చిక్కుంది. పంట చేతికొచ్చాక కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి (వలస కూలికి) పోతాయి. ఆ నెలల్లో ఇల్లిల్లూ తిరిగి రాసిన లెక్కలో సగం ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. ముంగారు (తొలకరి) విత్తనానికి జనం తిరిగొచ్చిన తర్వాత లెక్క రాయాలి. కాన్పుల సంఖ్యకూ ఇట్లాంటిదే ఒక మెలిక ఉంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. గర్భిణి పేరు అత్తగారి ఊళ్లో నమోదై ఉంటుంది, నొప్పులు వచ్చేది తల్లిగారి ఊళ్లో. కాబట్టి నమోదైన గర్భిణులు ఎందరన్న దానికంటే ఆ ఊళ్లో ఏటా నిజంగా జరిగిన కాన్పులు ఎన్నన్నదే చూడాలి.

తర్వాత దారి లెక్క. ఒక పెద్ద కాగితం మీద ఊళ్లన్నీ వరసగా రాసి, ప్రతి ఊరికీ ఈ గడులు గీయండి: పగటి బస్సులో ఎంతసేపు, రాత్రి పది దాటాక ఆటోలో ఎంతసేపు, మధ్యలో అడ్డమేంటి. ప్రాథమిక వైద్యం అరగంట ప్రయాణంలో అందాలన్నది లక్ష్యం. పగలు పావుగంట పట్టే దారి రాత్రి నలభై నిమిషాలు పట్టడానికి కారణాలు వెతికితే దొరుకుతాయి. వంక మీద కాజ్‌వే, గుంతకల్లు చుట్టుపక్కల పడే రైలు గేటు, లైట్లు లేని మట్టిరోడ్డు. ఫోను మ్యాపు చూపించే నిమిషాలతో సరిపెట్టుకోకుండా ఏదో ఒక రాత్రి 108 డ్రైవరుతో గానీ ఊరి ఆటో అతనితో గానీ ఆ దారిన పోయి గడియారం చూడండి. వానాకాలంలో ఏటా ఎన్ని రోజులు కాజ్‌వే మీద నీళ్లు పారతాయో పక్క చేను రైతు చెప్పగలడు. ఆ ఊరికి ఆ రోజుల్లో ఆసుపత్రి లేనట్టే.

ఇప్పుడున్న ఆరోగ్య కేంద్రం ఓపీ రిజిస్టరు మూడు నెలలది తీసుకుని ఊరివారీగా విడగొట్టండి. పరిధిలో ఉండి కూడా రోగులు రాని ఊళ్లు బయటపడతాయి. వాళ్లు ఎటు పోతున్నారో కనుక్కుంటే చాలా సంగతులు అర్థమవుతాయి. రాయదుర్గం, డి.హిరేహాళ్ వాళ్లకు బళ్లారి దగ్గర, మంత్రాలయం వాళ్లకు రాయచూరు దగ్గర, హిందూపురం వాళ్ల చూపు బెంగళూరు వైపు. మండల హద్దు జిల్లా పటంలో ఉంటుంది, రోగి మాత్రం బస్సు పోయే వైపే పోతాడు. అందుకే బస్సులు కలిసే కూడలికి నడిచిపోగలిగే దూరంలో ఉన్న రెండెకరాలు ఊరవతలి పదెకరాల కంటే మేలు.

ఎంత నేల కావాలి

పట్టణ ప్రణాళికకు కేంద్రం 2014లో ఇచ్చిన యూఆర్‌డీపీఎఫ్‌ఐ మార్గదర్శకాలు 80 పడకల ఆసుపత్రికి 1 హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు చాలంటాయి. 200 పడకలకు 3.7 హెక్టార్లు (తొమ్మిదెకరాల పైచిలుకు), 500 పడకలకు 6 హెక్టార్లు (పదిహేనెకరాలకు కొంచెం తక్కువ). సిబ్బంది క్వార్టర్లు కూడా ఇందులోనే. 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి రెండెకరాలు దొరికినా పని జరుగుతుంది. మా సలహా మాత్రం మూడెకరాలకు తగ్గకుండా చూడమనే. ఈ జిల్లాల్లో 30 పడకలు 50 కావడం, 50 కాస్తా 100 కావడం మామూలే. అప్పుడు పక్క చేను కొనాలంటే ఆసుపత్రి వచ్చినందుకు పెరిగిన ధర ఆసుపత్రే కట్టాల్సి వస్తుంది.

విస్తీర్ణం ఎంత ముఖ్యమో ఆకారమూ అంతే ముఖ్యం. రోడ్డు ముఖం పది మీటర్లే ఉండి లోపలికి పొడుగ్గా సాగిన మూడెకరాల్లో అంబులెన్సు, అగ్నిమాపక బండి తిరగలేవు. ముఖం కనీసం 40 మీటర్లుంటే వచ్చే దారి, పోయే దారి వేరు చేసుకోవచ్చు.

రికార్డు చూడటం

కట్టడాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. తహసీల్దారు ఇచ్చిన 'ఖాళీ ప్రభుత్వ భూమి' అన్న ఒక్క లైను చాలదు. ఆర్‌ఎస్‌ఆర్‌లో (రెవెన్యూ మూల రిజిస్టరులో) ఆ నంబరు అసలు వర్గీకరణ ఏమిటి? అడంగల్లో అనుభవదారు గడిలో ఎవరి పేరుంది? 1-బిలో (హక్కుల రికార్డులో) ఏముంది? ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో (సర్వే కొలతల పటంలో) హద్దులు, దారులు, వంకలు ఎట్లా ఉన్నాయి? ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాపు) నంబర్లు వచ్చాయి. పాత నంబరుతో తీర్మానం, కొత్త నంబరుతో స్కెచ్ ఉంటే ఫైలు ప్రతి బల్ల దగ్గరా ఆగుతుంది. రెండు నంబర్లూ ప్రతి కాగితం మీదా రాయించండి.

చెరువు, కుంట, వాగు పోరంబోకు అని ఉంటే ఆ నేలను వదిలేయండి. నీళ్లు రాక పదేళ్లు దాటిన కుంటయినా సరే. ఊరుమ్మడి నేలల ఆక్రమణలను క్రమబద్ధం చేయకూడదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూపి ఎవరైనా హైకోర్టుకు పోతే పునాదుల దశలోనే పని ఆగిపోతుంది. కోర్టు మాట అట్లా ఉంచినా, వానొచ్చిన ఏడు ఆ కుంట తన నీళ్లు తాను అడుగుతుంది. మేత, శ్మశానం, కళ్లాల పోరంబోకులు పంచాయతీ ఆస్తి కిందికి వస్తాయి కాబట్టి వాటికి పంచాయతీ తీర్మానం తప్పనిసరి. శ్మశానం పక్క నేల ఇస్తామంటే ఆ శ్మశానం వాడే కులం పెద్దలతో ముందే కూర్చుని మాట్లాడాలి. సమాధులు రికార్డులో గీసిన హద్దు దాటి ఉండటం మామూలు విషయం.

శివాయిజమా సాగు ఇంకో చిక్కు. కాగితం మీద ప్రభుత్వ భూమే, నేల మీద మాత్రం ఒక కుటుంబం రెండు తరాలుగా శనగ వేసుకుంటూ ఉంటుంది. ఆక్రమణ చట్టం కింద నోటీసు ఇచ్చి ఖాళీ చేయించడం రెవెన్యూ వాళ్లకు చట్టరీత్యా సాధ్యమే. కానీ ఆ కుటుంబానికి ఉన్నదల్లా ఆ చెక్కే అయితే ప్రత్యామ్నాయంగా ఇంకో చెక్క చూపించి ఒప్పించడం న్యాయం. ఊరికీ అదే మంచిది. గొడవతో వచ్చిన ఆసుపత్రికి ఆ వీధివాళ్లు ఏళ్ల తరబడి రారు.

దాత భూమి ఇస్తానంటే సంతోషించండి, ఆ తర్వాత కాగితాలు అడగండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డం వస్తుందేమో ముందు తేల్చుకోవాలి. సొంత పట్టా అయితే 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల సంతకాలు, 22-ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో నంబరు లేదన్న ధ్రువీకరణ కావాలి. రిజిస్టరు చేసిన గిఫ్టు డీడు ప్రభుత్వం పేర ఉండాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చిన ఒప్పుకోలు చెల్లదు. 'ఫలానా పని జరగకపోతే భూమి తిరిగి ఇచ్చేయాలి' వంటి షరతు ఏదైనా ఉంటే దాన్ని తీయించాకే తీసుకోవాలి. దాత పొలం ఎక్కడుందో అక్కడికి ఊరంతా పోవాల్సిన పని లేదని కూడా గుర్తుంచుకోవాలి. పైన వేసిన దారి లెక్కలో ఆ పొలం నెగ్గకపోతే, దండం పెట్టి వద్దని చెప్పగలగాలి.

రెవెన్యూ నుంచి వైద్యశాఖకు భూమి అప్పగింతకు తహసీల్దారు, ఆర్డీవో, జాయింట్ కలెక్టరు, కలెక్టరు వరకు ఫైలు నడుస్తుంది. స్థాయిని, విలువను బట్టి సీసీఎల్‌ఏ (రాష్ట్ర భూపరిపాలన ప్రధాన కమిషనరు), ప్రభుత్వం దాకా పోతుంది. ఆలస్యమయ్యేటట్టుంటే ముందస్తు స్వాధీనం అడగవచ్చు. కానీ తుది ఉత్తర్వు వచ్చేదాకా దాన్ని వదలకుండా వెంటపడే మనిషి ఒకరుండాలి. లేకపోతే భవనం లేచి పదేళ్లయినా అడంగల్లో అది పోరంబోకుగానే ఉంటుంది. అప్పుడు పక్కవాళ్లు ప్రహరీ జరిపినా అడిగే దిక్కుండదు.

నేల మీద నడవటం

మండల సర్వేయరును వెంటబెట్టుకుని హద్దురాళ్లు పాతించాక, మే నెలలో ఒకసారి, పెద్దవాన పడిన మర్నాడు ఒకసారి ఆ జాగాలో తిరగాలి. రెండూ కావాలి.

నల్లరేగడి అయితే మే నెలలోనే బయటపడుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోయిలకుంట్ల, ఆదోని చేలల్లో ఎండకు విచ్చిన నెర్రెలో ఒక కట్టెపుల్ల దింపి చూడండి. మోచేతి లోతు దిగితే ఆ మన్ను వానకు అంతకంత ఉబ్బుతుందని అర్థం. గోడలు అడుగునుంచి లేస్తాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పోతాయి, ఆపరేషన్ థియేటరు గచ్చు పగులుతుంది. గచ్చు పగుళ్లలో చేరిన క్రిములను ఏ మందుతో కడిగినా పూర్తిగా పోగొట్టలేము. మట్టి పరీక్షలో ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (తడిస్తే మన్ను ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 50 శాతం దాటితే మామూలు పునాది వద్దు. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగు వైపు ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. అవి కనీసం 3.5 మీటర్లు, తేమ మారని పొర దాకా దిగాలి. గోడ చుట్టూ మీటరున్నర వెడల్పున గచ్చు అంచు కట్టి, వాననీరు పునాదిలోకి ఇంకకుండా బయటికి పంపాలి. రేగడి మీద కట్టిన భవనాలు చెడటానికి వాన ఎంత కారణమో, పునాది పక్కనే లీకయ్యే బాత్రూం పైపు కూడా అంతే కారణం. అంచనాలో ఈ ఖర్చు ముందే ఉండాలి. టెండరు తర్వాత బయటపడితే 'అదనపు పని' పేరుతో నెలలు గడిచిపోతాయి.

అనంతపురం వైపు తిప్పలు వేరు. పైన అడుగు మేర ఎర్రమన్ను, కింద పరుపుబండ. పునాదికి అంతకంటే గట్టి నేల ఉండదు గానీ సంపు తవ్వాలన్నా, సెప్టిక్ ట్యాంకు తవ్వాలన్నా, పైపు దించాలన్నా బండ కొట్టాల్సిందే. ఇంకుడు గుంత నీళ్లు పీల్చదు. జాగాలో నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు గుంతలు మూడు మీటర్ల లోతున తవ్వించి చూస్తే ఈ సంగతి ఒక్క రోజులో తేలుతుంది. ఒక గుంతలో నీళ్లు నింపి మర్నాడు చూడండి. నీళ్లు అట్లాగే నిలబడి ఉంటే ఇంకుడు గుంతల ఆశ వదిలేసి, మురుగు శుద్ధి చేసి చెట్లకు పెట్టే ఏర్పాటు డ్రాయింగులోనే చూపించాలి.

సున్నపురాయి నేలల్లో ఇంకో ప్రమాదం దాగి ఉంటుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను తొలిచింది నీళ్లే. 2015లో చింతకొమ్మదిన్నె మండలంలో పొలాలు ఉన్నట్టుండి గుంతలుగా కుంగాయి. భూగర్భంలో డొల్లలు ఉండగల ఇట్లాంటి చోట మామూలు మట్టి పరీక్షతో ఆగకుండా విద్యుత్ నిరోధక సర్వే (నేలలోకి కరెంటు పంపి డొల్లలు వెతికే పరీక్ష) కూడా చేయించి, అనుమానమున్న చోట బోరుహోలు లోతుగా వేయించాలి. డొల్ల మీద ఇంకుడు గుంత తవ్వడమంటే కింది రాయిని మనమే కరిగించడం.

వాన మర్నాడు చూడాల్సింది నీళ్ల దారి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. పెద్ద నది, తెగిన కట్ట, ఇళ్లు ఆక్రమించిన చిన్న వంక: మూడూ మూడు రకాలు, మూడింటినీ విడివిడిగా చూసుకోవాలి. జలవనరుల శాఖ దగ్గర గరిష్ఠ వరదమట్టం రాతపూర్వకంగా అడగండి. చెరువు కింద జాగా అయితే మరవ (అలుగు) పోయిన నీళ్లు ఎటు పారతాయో, కట్ట తెగితే ఎటు దూకుతాయో ఊళ్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నడిచి చూడండి. 'ఇరవై ఏళ్లుగా నీళ్లు రాలేదు' అన్న మాటకు ఈ సీమలో విలువ తక్కువ. కరువు ఎక్కువ కాబట్టే వంకలను మరిచిపోతాం. జనరేటరు, కరెంటు ప్యానెల్, ఆక్సిజన్, మందుల స్టోరు ఆ వరదమట్టానికి పైనే ఉండాలి. సెల్లారులో వీటిలో ఒక్కటీ పెట్టవద్దు.

నీళ్లు

జాతీయ భవన నిర్మాణ సంహిత లెక్కలో వంద పడకల లోపు ఆసుపత్రికి పడకకు రోజుకు 340 లీటర్లు, వంద దాటితే 450 లీటర్లు. 30 పడకలకు 10,200 లీటర్లు. ఓపీకి వచ్చేవారు, క్వార్టర్లు, తోట కలిపితే రోజుకు 20,000 లీటర్లు అనుకోవడం మంచిది. అయిదు వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకరు రోజుకు నాలుగు సార్లు రావాలి. ఏ ఆసుపత్రీ ఏడాది పొడుగునా ట్యాంకర్ల మీద నడవలేదు.

బోరు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లోనే చేయాలి. దీపావళికి పొంగిన బోరు ఉగాదికి ఎండిపోవచ్చు. మోటారు ఆపకుండా ఎనిమిది గంటలు నడిపి, గంటగంటకూ 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండిందో రాసుకోండి. నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు 3,000 లీటర్లు. మొదటి గంటలో నాలుగు నిమిషాలు, ఎనిమిదో గంటలో పది నిమిషాలు పడుతుంటే ఆ బోరు మీద ఆసుపత్రి కట్టకూడదు. నీటి నమూనాలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. అనంతపురం, కదిరి, పులివెందుల వైపు ఇది తప్పక చూడాలి. కరిగిన లవణాలు ఎక్కువుంటే ఆటోక్లేవు (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) పొరలు కట్టి త్వరగా పాడవుతుంది. డయాలసిస్ ఆలోచన ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది: నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల సెషనుకు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు. ఐదు మిషన్లు రెండు షిఫ్టులు నడిస్తే రోజుకు 1,200 లీటర్లు. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు కలుపుకుంటే బోరు నుంచి దాదాపు రెట్టింపు తోడాలి.

తాగునీటి పథకం పైపులైను దగ్గర్లో పోతుంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ దగ్గర విడిగా కనెక్షను మంజూరు చేయించుకోవాలి. ఊరి ట్యాంకు చివరి కొళాయి మాత్రం వద్దు. రెండు రోజుల నిల్వకు సంపు, దానికి వేరుగా అగ్నిమాపక నిల్వ ఉండాలి. పైకప్పు వాననీటి మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు: ఏడాదికి 550 మి.మీ. వాన పడే అనంతపురంలో 1,000 చదరపు మీటర్ల కప్పు నుంచి వచ్చేది దాదాపు 4.4 లక్షల లీటర్లు, 30 పడకలకే నెలన్నర లోపు అయిపోతాయి. బోరును బతికించుకోవడానికి అవి పనికొస్తాయి, బోరుకు బదులు కాలేవు. మురుగు ఇంకే గుంతకూ బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలి. పగుళ్లున్న బండలో ఇంకా దూరం పెట్టడం క్షేమం.

రోడ్డు, కరెంటు

జాతీయ రహదారి ముఖం ఉన్న జాగా ఆకర్షణగా కనిపిస్తుంది. 44, 40, 67, 42 నంబర్ల రహదారులు ఈ జిల్లాల మీదుగానే పోతాయి కాబట్టి ఇట్లాంటి జాగాలు ఎదురవుతూనే ఉంటాయి. రోడ్డు మధ్యగీత నుంచి 40 మీటర్ల లోపు కట్టడం కూడదు, 75 మీటర్ల దాకా ఆంక్షలుంటాయి. లోపలికి దారి తీసుకోవడానికి రహదారుల వాళ్ల అనుమతి కావాలి. మధ్యలో డివైడరుంటే అవతలి వైపు నుంచి వచ్చే అంబులెన్సు ఎక్కడ తిరగాలో కొలిచి చూడండి. కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లు ముందుకు పోయి రావాలి. రోడ్డు దాటే ముసలివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. రహదారికి కలిసే పక్క రోడ్డు మీద, రెండు మూడు వందల మీటర్లు లోపల ఉండే జాగా చాలాసార్లు మేలు.

కరెంటు విషయంలో ఎస్పీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) ఏఈని ఒకటే ప్రశ్న అడగండి: ఈ జాగాకు వచ్చేది వ్యవసాయ ఫీడరా, ఊరి ఫీడరా? వ్యవసాయ ఫీడరుకు మూడు ఫేజుల కరెంటు కొన్ని గంటలే ఉంటుంది. ఎక్స్‌రే, ఆటోక్లేవు, ఆక్సిజన్ ప్లాంటు దాని మీద నడవవు. సబ్‌స్టేషన్ నుంచి విడి లైను లాగే ఖర్చు మొదటి అంచనాలోనే రాయాలి. జాగా మీదుగా గాలిమరల, సోలారు పార్కుల పెద్ద లైన్లు పోతున్నాయేమో తలెత్తి చూడండి. 220 కేవీ లైను కింద 35 మీటర్ల వెడల్పున, 132 కేవీ కింద 27 మీటర్ల వెడల్పున నేల మనది కానట్టే. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు క్వారీ బ్లాస్టింగ్ ఎంత దూరంలో జరుగుతుందో, దుమ్ము ఎటు కొడుతుందో చూడాలి. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లను చట్టరీత్యా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. బస్టాండు గోడకు ఆనుకుని కడితే అది కాగితం మీద మాటే అవుతుంది.

జాగాలో ఏది ఎక్కడ

భవనాన్ని స్థలం నడిమధ్యన కట్టవద్దు. పోర్టికో, పూలకుండీలతో అందంగా ఉంటుంది గానీ తర్వాత 20 పడకల బ్లాకు చేర్చాలంటే ఏ వైపూ సరిపడా నేల మిగలదు. ఒక పక్కకు జరిపి కట్టి, రెండో పక్క అట్టే వదిలేయాలి. డ్రెయినేజీ, కేబుళ్లు ఆ వదిలిన నేల మీదుగా పోకుండా చూడాలి. పొడుగు వైపు తూర్పు పడమరలుగా పెడితే వార్డు కిటికీలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి. కడప మే నెల పడమటి ఎండ వార్డులో పడితే ఫ్యాను వేడిగాలే విసురుతుంది. ఓపీ ముందు నీడ వరండా విశాలంగా ఉండాలి, ఎందుకంటే రోగితో పాటు ఇద్దరు వస్తారు.

వైద్యవ్యర్థాల గదిని, జనరేటరును పడమర గాలికి దిగువన, అంటే తూర్పు వైపు పెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎటు కొడుతుందో ఇక్కడ అందరికీ తెలిసిందే. వాస్తు పట్టింపు ఉన్న పెద్దలతో ఈ సంగతి డ్రాయింగు దశలోనే మాట్లాడి తేల్చుకోవాలి. స్లాబు పడ్డాక మెట్లు మార్చమంటే మార్చే చోటుండదు. వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు, కాబట్టి సేకరణ బండి రోగుల దారిలోకి రాకుండా ఆ గదిదాకా రాగలగాలి. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే సొంతంగా కాల్చే ఏర్పాటు పెట్టకూడదు. బండి రాలేని మారుమూల చోట లోతు పాతర అనుమతించినా 2 మీటర్ల గుంత, దాని అడుగుకు కనీసం ఇంకో 6 మీటర్ల కింద నీటిమట్టం ఉండాలన్న నిబంధన ఉంది. శవాగారానికి వెనక నుంచి వేరే గేటు పెట్టాలి. కాన్పుకు వచ్చిన కుటుంబం ఎదురుగా శవం పోకూడదు.

ప్రధాన గేటు వెడల్పు 6 మీటర్లు, పైన కమాను కడితే 4.5 మీటర్ల ఎత్తు వదలాలి. మంచాలు తిరిగే నడవ 2.4 మీటర్లు, ర్యాంపు 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు. ఎక్స్‌రే గదికి 18 చదరపు మీటర్లు, కిరణం నేరుగా పడే గోడ 35 సెం.మీ. ఇటుక, మిగతావి 23 సెం.మీ. ఉండాలి. గది కట్టేశాక అణుశక్తి నియంత్రణ మండలికి లేఅవుట్ పంపితే గోడలు మందం చేయాల్సి వస్తుంది. ముందే పంపాలి.

నర్సుల క్వార్టర్లు మొదటి విడతలోనే కట్టాలి. నిధులు చాలనప్పుడు అందరూ తీసేసేది ఇదే. రాత్రి కాన్పులు ఆగిపోయేదీ దీనివల్లే.

అనుమతులు, టెండరు

కట్టుబడి విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. సామాజిక ఆరోగ్య కేంద్రాలకు ఆ అవసరం రాదు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి వ్యర్థాల అధికారపత్రం, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, స్కానింగ్ మిషన్‌కు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు, ద్రవ ఆక్సిజన్ ట్యాంకుకు పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు ఇవన్నీ సామాన్యమే. ఒక్కొక్కటీ ఎవరు తేవాలో టెండరు పత్రంలోనే పేరు రాసి పెట్టుకోవాలి. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే మాస్టర్ ప్లానులో ఆ నేల ఏ జోనులో ఉందో కూడా చూసుకోవాలి.

భవనంతో పాటు పోస్టుల మంజూరు ఫైలు జతగా నడవాలి. గోడలు లేచాక స్పెషలిస్టులు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు అడిగితే కనీసం ఒకటి రెండేళ్లు కొత్త భవనంలో పాత సిబ్బందే కూర్చుంటారు. 30 పడకల బోర్డు ఉంటుంది, ఆరు పడకల పనే జరుగుతుంది.

టెండరు పిలిచే ముందు ఏపీఎంఎస్‌ఐడీసీ (వైద్యశాఖ భవనాలు కట్టే సర్కారు సంస్థ) ఇంజినీరుకు జాగా అప్పగించే రోజున ఈ కాగితాలు చేతికివ్వండి: అప్పగింత ఉత్తర్వు, సంతకాలున్న హద్దుల స్కెచ్, మట్టి పరీక్ష, మే నెల బోరు పరీక్ష, వరదమట్టం లేఖ, ఫీడరు లేఖ. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కాంట్రాక్టరు పని ఆపడానికి అది సాకు అవుతుంది, గడువు పొడిగింపు అడగడానికి కారణం అవుతుంది. పనిలో మొదటి అంశంగా ప్రహరీ, రెండోదిగా బోరు, తాత్కాలిక కరెంటు పెట్టించండి. ప్రహరీ లేని జాగాలో మొదటి వానకే పక్క చేనువాళ్ల నాగలి హద్దురాయి దాటుతుంది.